వైరు బుట్టల ఏడాది

నాకు టీబీ వచ్చి తగ్గి ఏడేళ్ళు దాటింది. ఇప్పుడు నేను దగ్గితే ఎవరూ పక్కకు జరగరు. మా వరండాలో నా కుర్చీ పక్కన ఎప్పుడూ ఒక వైరు బుట్ట సగం అల్లి ఉంటుంది. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, మా ఆవిడ కౌసల్య అల్లుతోందనుకుంటారు. నేనని తెలిస్తే నవ్వుతారు. ఆ పని నాకెట్లా పట్టుకుందో రాసిపెట్టమని మా అమ్మాయి సుజాత చాలా రోజులుగా వెంటపడుతోంది. రోగం ముచ్చట రాసుకోవడం నాకు ఇష్టం లేదు. అయితే అవే మందులు మింగుతూ ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. నేను చేసిన తెలివితక్కువ పని వాళ్ళు చేయకూడదని రాస్తున్నాను.

1981, వానకాలం

అప్పుడు నేను కాజీపేట రైల్వే షెడ్డులో బొగ్గు ఇంజన్ మీద ఫైర్‌మన్‌ని. ఫైర్‌మన్ అంటే బొగ్గు వేసేవాడని అందరికీ తెలుసు. రెండో పని ఎవరికీ తెలియదు. ఇంజన్ ముందు అంత పొడుగు బాయిలర్ ఉంటుంది కదా, వంపు తిరిగేటప్పుడు డ్రైవర్ వైపు నుంచి సిగ్నల్ కనబడదు. నా వైపు నుంచే కనబడుతుంది. కనబడగానే ఏం ఉందో నేను గట్టిగా చెప్పాలి, డ్రైవర్ అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి మాటా కలవకపోతే బండి ఆపాలి. పగలు సిగ్నల్ స్తంభం మీది రేకు చెయ్యి లేచి ఉందా వాలి ఉందా చూస్తే సరిపోతుంది. చీకటి పడ్డాక మాత్రం దీపం రంగే దిక్కు.

నా డ్రైవర్ రాజలింగం అన్న. నాలుగేళ్ళు ఆయనతో నడిచాను. పొద్దున ఎక్కి సాయంత్రం దిగేదాకా, సిగ్నల్ మాటలు తీసేస్తే, మా మధ్య ఇరవై మాటలు కూడా ఉండేవి కావు. అంతా కలిపి పదకొండేళ్ళ నుంచి ఇంజన్ మీద ఉన్నాను. డ్రైవర్ పరీక్ష కూడా పాసై, పిలుపు కోసం చూస్తున్నాను. నాకు కావలసిందల్లా అవతలి వైపు సీటు. ఇంకే కోరికా ఉండేది కాదు.

దగ్గు మొదలైతే బొగ్గుపొడి అనుకున్నాను. బొగ్గు పని చేసేవాళ్ళందరికీ ఆ సాకు చేతిలోనే ఉంటుంది. సాయంత్రం జ్వరం వస్తే వానలో తడిశాననుకున్నాను. ఒకరోజు దగ్గి తువ్వాలతో మూతి తుడుచుకుంటే నెత్తురు కనబడింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. రాజలింగం అన్న చూశాడు. బండి షెడ్డుకు చేరి, ఇద్దరం దిగి, చేతులు కడుక్కున్నాక అప్పుడన్నాడు.

"రేపు దవాఖానకు పోతానవ్."

"ఉత్త దగ్గే అన్నా."

"నువ్వు పోకపోతె నేనే గుంజుకపోత. ఆ తువ్వాల కౌసల్యకు ఉతకనియ్యకు."

రైల్వే దవాఖానలో ఛాతీ డాక్టరు గది ముందు పొడుగాటి చెక్క బెంచీ ఉండేది. దాని మీద కూర్చున్నవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అందరూ ఒకే తలుపు వైపు చూస్తుంటారు. నేనూ అట్లాగే చూశాను. ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీశారు, కఫం పరీక్ష చేశారు, మూడో రోజు డాక్టరు లోపలికి పిలిచి టీబీ అని చెప్పాడు. ఆయన కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడతాడు.

"తగ్గుతుందండీ. ఏడాది పాటు మందు ఒక్క పూట కూడా మానకూడదు, అంతే."

బతుకుతానా అని నేను అడగలేదు. "సార్, మళ్ళ లైన్ మీదికి పంపుతరా?" అని అడిగాను. ఆయన ముందు మందు సంగతి చూద్దామన్నాడు. బయటికి వచ్చాను. పక్కనున్న గోడ పట్టుకుని నిలబడ్డాను. అంత భయం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

దసరా తర్వాత

కౌసల్య వరండాలో నాకు మంచం వేసింది. గాలి తగలాలని డాక్టరు చెప్పాడు. సుజాత అప్పుడు ఎనిమిదో తరగతి. కౌసల్య దాన్ని నా దగ్గరికి రానిచ్చేది కాదు. అది గడప మీద కూర్చుని నాతో మాట్లాడేది.

అంతకుముందు మా వరండా అంటే షెడ్డువాళ్ళందరికీ అడ్డా. రెస్టు రోజున క్యారమ్ బోర్డు దిగేది, పేకముక్కలు దిగేవి, చాయ మీద చాయ నడిచేది. నేను మంచం ఎక్కినప్పటి నుంచి ఒక్కడు గేటు దాటలేదు. సైకిల్ ఆపి, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి "ఎట్లున్నవే సాంబయ్యా" అని అడిగేవాళ్ళు. ఆ పెడలు మీది కాలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళకూ పిల్లలున్నారు, నేనైనా అదే చేసేవాణ్ణి. అది తెలిసి కూడా మండేది.

మొదటి ఇంజక్షన్ల కాలం అయిపోయాక ఒంట్లో కొంచెం సత్తువ వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు బాధ. పడుకోబెట్టిన మనిషికి రోగం కన్నా పొద్దే పెద్ద శత్రువు. పదకొండేళ్ళు పార తిప్పిన చేతులు, వాటికి ఖాళీగా ఉండడం తెలియదు. కాలక్షేపానికి ఏం చేయాలని అడిగితే తలా ఒకటి చెప్పారు, అన్నీ చేసి చూశాను. రేడియో పెట్టుకున్నాను. పాటలు వచ్చేది కాసేపే, మిగతా అంతా ధరవరలు, పంటల మీద తెగుళ్ళు. వారపత్రికలో గళ్ళనుడి పూరించాను. రాకపోతే గడిలో సరిపోయే అక్షరాలు నేనే కల్పించి రాసేవాణ్ణి, అట్లాంటి మాటలు లోకంలో లేవని సుజాత పకపక నవ్వేది. దాని స్టాంపుల పుస్తకం తీసుకుని దేశాల వారీగా అంటించబోయి, జిగురు ఎక్కువై నాలుగు పేజీలు ఒకటి చేశాను. అది రెండు రోజులు మాట్లాడలేదు. ఒక్కడినే పేకాడితే ఎవరిని తిట్టాలో తెలియదు. మల్లె అంటు తెచ్చి పెడితే, వంగి మట్టి తవ్వుతున్నానని కౌసల్య గడ్డపార దాచేసింది.

ఒకరోజు సుజాత బడి నుంచి వస్తూ ఒక వైరు బుట్ట మొదలు తెచ్చింది. బడిలో చేతిపనుల పీరియడులో నేర్పిస్తున్నారట. అడుగు నాలుగు వరసలు వేసి చిక్కు పడిందని ఏడుపు మొహం పెట్టి గడప మీద పారేసింది. అది లోపలికి పోయాక నేను కర్రతో దగ్గరికి లాక్కున్నాను. ముడి విప్పి చూశాను. రెండు పోగులు అడ్డం, రెండు నిలువు, ఒకదాని కింది నుంచి ఒకటి దూరి బిగుసుకుంటాయి. ఇంజన్ మీద గొట్టాలకు తాడు చుట్టినవాడికి అది పెద్ద విద్య కాదు. సాయంత్రానికి చిక్కు తీసి ఇంకో రెండు వరసలు వేశాను. ఆ పూట గడియారం వైపు చూడలేదని రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నాకు తెలిసింది చెప్తాను. పెద్ద బుట్టతో మొదలుపెట్టకండి, టిఫిన్ డబ్బా పట్టేంత చాలు. పోగులన్నీ ఒకే కొలతకు కోసుకోండి, నేను కంటికొలత మీద కోసి చెడగొట్టాను. ముడి ఎంత గట్టిగా లాగితే అంత మంచిదనుకోకండి, ఒకటి గట్టిగా ఒకటి వదులుగా ఉంటే బుట్ట ఒక పక్కకు ఒరుగుతుంది. నా మొదటి బుట్ట అట్లాగే ఒరిగింది. కౌసల్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గూడ పానం బాగలేనట్టున్నది" అని ఉల్లిగడ్డలు పోసి మూలకు ఆనించింది. రెండోది నిలబడింది. మూడోదానికి గళ్ళు వేశాను.

వైర్లు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సేటు అమ్మేవాడు. కౌసల్య అటు పోయినప్పుడల్లా కట్టలు తెచ్చేది. ఆ రోజుల్లో ఆమె ఎంత అలిసిపోయిందో నేను చూడలేదు. నా గిన్నెలు వేరే ఉడకబెట్టాలి, బట్టలు వేరే ఉతకాలి, బడికి పోయే పిల్ల, మంచంలో చిరచిరలాడే మొగుడు. ఒకరోజు వైర్ల కోసం ఆమె సంచి వెతుకుతుంటే ఛాతీ ఫొటో కవరు దొరికింది. పేరు నాది కాదు, ఆమెది. పదిహేను రోజులు దగ్గిందట, నాకు వినబడకుండా వెనక వాకిట్లోకి పోయి దగ్గేదట. ఒక్కతే దవాఖానకు పోయి ఫొటో తీయించుకుంది. ఏమీ లేదన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తె నీ బీమారి ఇడిసిపెట్టి నా బీమారికి ఫికర్ చేస్తవ్. ఇద్దరం మంచంల పడితె పిల్లకు అన్నం ఎవరు వండాలె?"

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ రోజు నుంచి కొన్నాళ్ళు చిరచిరలాడడం తగ్గించాను.

1982, చలి తగ్గేటప్పుడు

మొదట ఇచ్చిన మందుల్లో ఒకటి ఒంటికి పడక దద్దుర్లు లేచాయి. డాక్టరు దాన్ని ఆపి వేరే గోలీ రాశాడు. రాస్తూ ఒక మాట చెప్పాడు. "చూపులో ఏ కాస్త తేడా వచ్చినా, రంగుల్లో తేడా వచ్చినా ఆ రోజే వచ్చి చెప్పండి." నేను సరేనన్నాను. విన్నాను కూడా. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగినదానికి ఆయన తప్పు గోరంత కూడా లేదు.

అప్పటికి నాకు ఎరుపు, ఆకుపచ్చ గళ్ళ బుట్టల మీద పిచ్చి పట్టింది. కొన్ని వారాలకు ఎర్ర వైరు మసకబారినట్టు, ఇటుకపొడి కలిపినట్టు అనిపించింది. సేటు పాత సరుకు అంటగట్టాడనుకున్నాను. కౌసల్య వద్దంటున్నా వినకుండా రిక్షా ఎక్కి చౌరస్తాకు పోయాను.

"వెలిసిపోయిన వైరు ఇచ్చినవేంది సేటూ?"

ఆయన కట్ట అందుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "నిన్ననే కట్ట ఇప్పిన గదనే. జర మంచిగ చూడు, ఎర్రగ మండుతాంది." అయినా గొడవెందుకని కొత్త కట్ట మార్చి ఇచ్చాడు. దారిలో విప్పి చూస్తే అదీ ఇటుకపొడిలాగే ఉంది. నేను తిరిగి గొడవకు పోలేదు. రిక్షాలో కూర్చుని కట్ట వైపే చూస్తూ ఉన్నాను. ఏం జరుగుతోందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

డాక్టరుకు చెప్పాలి. చెప్తే కాగితం మీద రాస్తాడు. ఆ కాగితం నా ఫైలులో పడుతుంది. రంగులు తెలియని ఫైర్‌మన్‌ని ఇంజన్ ఎక్కనివ్వరు, డ్రైవర్ సీటు సంగతి చెప్పనే అక్కర్లేదు. టీబీ తగ్గితే మళ్ళీ ఎక్కుతారు, ఎక్కినవాళ్ళను చూశాను. కళ్ళు పోతే ఎక్కరు. మందులు అయిపోయాక చూపు అదే సర్దుకుంటుంది, అందాకా నోరు మూసుకుంటే చాలనుకున్నాను. బయటివాళ్ళకు ఇది మూర్ఖత్వం అనిపిస్తుంది. మా షెడ్డులో ఎవరిని అడిగినా, కంటి ముచ్చట డాక్టరుతో మాట్లాడొద్దనే చెప్పేవాళ్ళు. అందరం దాచేవాళ్ళమే.

బుట్టలు ఆపితే కౌసల్యకు అనుమానం వస్తుంది. అందుకని కోసిన ప్రతి పోగు చివర దారం కట్టించాను. ఎరుపుకు ఒక ముడి, ఆకుపచ్చకు రెండు. కట్టింది సుజాతే. ఎందుకు బాపూ అంటే, చేతికి తొందరగా దొరకడానికి అన్నాను. అట్లా నెల పైన గడిచింది. రోజూ పొద్దున ఆ గోలీ మింగుతూనే ఉన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కౌసల్య నా ఎదురుగా చాపేసుకుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను అల్లుతున్నాను. ఆమె చేయి ఆపి, నా పక్కనున్న పోగు ఒకటి లేపి చూపించింది.

"ఇదేం రంగు?"

చివరన ఒక ముడి ఉంది. "ఎరుపు," అన్నాను.

ఆమె ఇంకోటి లేపింది. రెండు ముళ్ళు. "పచ్చ," అన్నాను. ఆమె బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది.

"పొద్దుగాల నువ్వు స్నానానికి పోయినప్పుడు దారాలన్ని ఇప్పి అటువి ఇటు కట్టిన," అంది. "అప్పటిసంది నాలుగు వరసలు అల్లినవ్. అన్ని ఉల్టా."

నేను చేతిలోని పోగు కింద పెట్టాను.

"ఇంజన్ మీద ఇద్దరి మాట కలవకపోతె ఏం చేస్తరు?"

"ఆపుతం," అన్నాను.

"మరి ఎన్ని రోజులసంది ఆపకుంట పోతానవ్?"

నేను ఆమె మీద అరిచాను. నా నౌకరీ సంగతి నీకేం తెలుసన్నాను, రాస్తే లైన్ పోతుందన్నాను, పోతే షెడ్డులో ఊడుస్తూ బతకాలన్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి అంతా విన్నది.

"లైన్ పోతె పోయింది. రేపు పిల్ల మొకం కనబడకపోతె ఏం చేస్తవ్?" అంది. గొంతు పెంచలేదు. కళ్ళ నుంచి నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె నా ముందు ఏడవడం అదే మొదలు.

మరునాడు పొద్దున్నే ఇద్దరం దవాఖాన బెంచీ దగ్గర ఉన్నాం. పక్కన తొర్రూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, పట్టాల గ్యాంగులో పనిచేసే కొడుక్కు తోడుగా వచ్చింది. కౌసల్య నిలబడి ఉంటే జరిగి చోటిచ్చి, కొంగులోంచి గుప్పెడు పల్లికాయలు తీసి ఆమె ఒళ్ళో పోసింది. ఏమైందని అడగలేదు. "తిను బిడ్డా, ఇక్కడ పొద్దు తొందరగ పోదు," అంది. కౌసల్య ఒక్కొక్కటే ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. ఆ పల్లికాయల రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఎన్ని రోజులైంది?" అన్నాడు డాక్టరు.

"నాలుగైదు రోజులు సార్," అన్నాను.

"నెల దాటింది సార్," అంది కౌసల్య. "నాకు గూడ చెప్పలేదు."

డాక్టరు నా చేతిలోని గోలీల పొట్లం తీసుకుని తన సొరుగులో వేసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "మొదటి రోజే వచ్చి ఉంటే వారంలో సర్దుకునేదేమో. ఇప్పుడు ఎంత వెనక్కి వస్తుందో నేను చెప్పలేనండీ. చూద్దాం," అన్నాడు. కాగితం మీద రాశాడు కూడా.

ఎండాకాలం

ఇంకో మందుతో టీబీ వైద్యం సాగింది. కఫంలో ఏమీ లేదన్నారు. సుజాత గడప దాటి వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఒళ్ళు కూడా చేశాను. ఇక మిగిలింది కళ్ళు.

కౌసల్య రోజూ మధ్యాహ్నం పరీక్ష పెట్టేది. కోసిన పోగులు పది కొంగు కింద పెట్టుకుని ఒక్కొక్కటి నా చేతికిచ్చేది. దారాలు లేవు. మొదట్లో పదిట్లో సగం తప్పు చెప్పేవాణ్ణి. మెల్లగా తగ్గాయి. మామిడికాయల కాలం అయిపోయేసరికి పదికి పది చెప్తున్నాను. ఆకులు ఆకుల్లాగా కనబడుతున్నాయి, కౌసల్య బొట్టు మళ్ళీ ఎర్రగా ఉంది. నేను చౌరస్తాకు పోయి సేటుకు జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన చాయ తాగించి పంపాడు.

రాజలింగం అన్న గేటు దాటి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నీ జాగల ఒక పోరడు వచ్చిండు. పార పట్టుడు రాదు. తొందరగ రా," అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట రావడమే పెద్ద విషయం. కళ్ళ సంగతి ఆయనకు నేను చెప్పలేదు. పదికి పది వస్తున్నాయి కదా, ఇంక చెప్పడమెందుకనుకున్నాను.

మళ్ళీ వానకాలం

లైన్ మీదికి ఎక్కాలంటే సికింద్రాబాద్ పోయి పరీక్ష చేయించుకోవాలి. ఎక్స్‌రే బాగుంది, బరువు బాగుంది. కంటి డాక్టరు తలుపులు మూసి, దీపం ఆర్పి, గది అవతలి చివర ఒక చిన్న లాంతరు వెలిగించాడు. రంగు మారుస్తూ పోతాడు, నేను చెప్తూ పోవాలి. మొదట పెద్ద వెలుగులు. ఎరుపు, పచ్చ, పచ్చ, ఎరుపు. తడుముకోకుండా చెప్పాను. తర్వాత వెలుగు చిన్నది చేశాడు, దూరపు సిగ్నల్ ఎంత కనబడుతుందో అంత.

ఆ చుక్క కనబడుతోంది. దానికి రంగు లేదు.

అప్పుడు నా కుడిచేతి బొటనవేలు పక్కవేళ్ళ మీద రుద్దుకుంటోందని గమనించాను. పోగు కోసం తడుముతోంది. సేటు దగ్గరి ఎర్ర వైరు కొంచెం బిరుసు, ఆకుపచ్చది మెత్తన. దారాలు పోయాక, నెలల తరబడి రోజూ పట్టుకున్న చేతికి అది తెలిసిపోయింది. ఇంట్లో పదికి పది చెప్పింది నా కళ్ళు కాదు, వేళ్ళు. నేను కౌసల్యను మోసం చేయాలనుకోలేదు, నన్ను నేనే మోసం చేసుకున్నాను.

"చెప్పండి," అన్నాడు డాక్టరు.

ఉన్నవి రెండే మాటలు. ఏదో ఒకటి అంటే సగం తగిలే చాన్సు ఉంది. నేను గొప్పవాణ్ణని చెప్పుకోను, అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఎరు" దాకా అన్నాను కూడా.

"తెలుస్తలేదు సార్," అన్నాను.

"తొందరపడకండి. మళ్ళీ చూడండి."

"చూసిన సార్. చుక్క కనబడతాంది. రంగు తెలుస్తలేదు."

ఆయన దీపం వేశాడు. ఇంజన్ పనికి పనికిరానని, షెడ్డులో కూర్చుని చేసే పని ఇవ్వవచ్చని రాశాడు. నాకు స్టోరులో పని ఇచ్చారు. సామాన్లు ఇచ్చి పుచ్చుకునే పని. ఇప్పటికీ అదే చేస్తున్నాను. మరో ఏడాదిన్నరకు రంగులు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి, మసక వెలుతురులో తప్ప. ఆ తప్ప అన్నదే మా పనికి ముఖ్యం.

ఇంటికి వచ్చి చెప్తే కౌసల్య, "ఇగ రోజు ఇంటికొచ్చి తింటవు," అంది. ఓదార్పుకే అంది. నాకు మాత్రం మండిపోయి ఆ పూట అన్నం తినలేదు. వారం రోజులు వైరు ముట్టుకోలేదు. రైలు కూత వినబడితే లోపలికి పోయి తలుపు వేసుకునేవాణ్ణి. కాజీపేటలో రైలు కూత వినబడకుండా ఉండాలంటే చెవులు కోసుకోవాలి.

మందు మింగుతూ ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇదే నా మాట. చేతికి ఏదో ఒక పని పెట్టుకోండి, బుట్టలో, కుట్లో, బొమ్మలో, ఏదైనా సరే. పొద్దు పోవడానికే కాదు. ఒంట్లో తేడా వస్తే రోజూ చేసే పనిలో అది ముందు బయటపడుతుంది. బయటపడ్డ రోజే డాక్టరుకు చెప్పండి. నేను నెల దాచి పదకొండేళ్ళ పని పోగొట్టుకున్నాను.

నేను వైరు ముట్టుకోని ఆ వారం చివర రాజలింగం అన్న వచ్చాడు. ఎవరో చెప్పారట. సైకిల్ స్టాండు వేసి, వరండా మీదికి వచ్చి కూర్చున్నాడు. మూలన పడి ఉన్న సగం బుట్టను చేతిలోకి తీసుకుని, ఉల్టా పడిన ఆ నాలుగు వరసలను చూశాడు. కౌసల్య చాయ తెచ్చి, అవి ఎట్లా పడ్డాయో చెప్పింది.

"కండ్ల సంగతి నాకు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"తగ్గిందనుకున్న అన్నా."

"ఆ దీపం కాడ ఎరుపో పచ్చనో ఏదన్నొకటి అని పాసై వస్తె, నేను నిన్ను అడిగేటోన్ని కాదు." చాయ గ్లాసు కింద పెట్టాడు. "వంపు కాడ నువ్వు పచ్చ అంటె నేను పచ్చ అని బండి వదిలేటోన్ని. నాలుగేండ్లసంది ఒక్కసారి గూడ నేను వంగి చూడలె. నీ మాటనే."

నేను ఏడ్చాను. టీబీ అన్నప్పుడు ఏడవలేదు, గోలీలు లాక్కున్నప్పుడు ఏడవలేదు. ఆయన నా వైపు చూడకుండా చాయ పూర్తిగా తాగి, డ్యూటీకి టైమైందని లేచాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు బండి నడిపి రాజలింగం అన్న పోయిన ఏడాది రిటైరయ్యాడు. నేను డ్రైవర్‌ని కాలేకపోయాను. ఆయన మాత్రం ఎక్కిన ప్రతిసారీ క్షేమంగా దిగి ఇంటికి పోయాడు.